ఫ్లాపర్ స్కేటా, బ్లూ స్కేటా? ఫొటో చూసి తేల్చేదెలా?

నైట్‌షిఫ్ట్_నాని · సోమవారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నేను చెన్నై ఓఎంఆర్‌లో ఒక చిన్న కంపెనీలో ఫొటోలకు పేర్లు పెట్టే పని చేస్తాను. కంప్యూటర్‌కి నేర్పాలంటే ముందు మనిషెవరో చూసి ఇది ఫలానా అని చెప్పాలి కదా, ఆ పని. మొన్నటిదాకా ట్రాఫిక్ సిగ్నళ్ళు, టమాటాలు. మూడు వారాలుగా చేపలు. అవీ మన చేపలు కావు. స్కాట్లాండ్, ఐర్లాండ్ వైపు పడవల మీద పెట్టిన కెమెరాలు తీసినవి.

మిగతా చేపలతో పేచీ లేదు. ఫ్లాపర్ స్కేట్, బ్లూ స్కేట్ అని రెండున్నాయి, వాటి దగ్గరే ప్రాణం పోతోంది. రెండూ గాలిపటంలా వెడల్పుగా, ముక్కు కోసుగా, తోక సన్నగా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మాకిచ్చిన నోట్సులో ఒకచోట 'బాటిస్' అనే చేప రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుందని ఉంది. నాలుగు పేజీల తర్వాత అదే 'బాటిస్' మీటరున్నర దాటదని ఉంది. సరే, పెద్దదైతే ఫ్లాపర్, చిన్నదైతే బ్లూ అనుకుని కొట్టుకుంటూ పోయాను. నిన్న క్వాలిటీ టీమ్ వాళ్ళు వందలో ముప్పై ఏడు తప్పులని వెనక్కి పంపారు. అప్రైజల్ ముందు ఈ టెన్షన్ ఏంటండీ నాకు!

ఫొటోలు బయట పెట్టకూడదు కాబట్టి మాటల్లోనే చెప్పగలను. తెలిసినవాళ్ళు సాయం చెయ్యండి.

పెరంబూరు_బాబాయ్ · సోమవారం, ఉదయం 8:02

తమ్ముడూ, నువ్వు చెప్పే పోలిక చూస్తే అది టేకు చేప. ఇక్కడ తిరుక్కై అంటారు. చింతాద్రిపేట మార్కెట్‌లో కావలసినన్ని. దీనికి స్కాట్లాండ్ దాకా పోవడమెందుకు?

కడుపునిండా_భోజనం · సోమవారం, ఉదయం 8:15

పులుసు పెడితే ఏది రుచో చెప్పండి, అదే ఫ్లాపర్ అని రాసేద్దాం.

సంద్రం_శారద · సోమవారం, ఉదయం 11:48

బాబాయ్ గారూ, పోలిక అదే కానీ చేప అది కాదు. మన మార్కెట్‌కి వచ్చే టేకులకు తోక మీద విషపు ముల్లు ఉంటుంది, అవి పిల్లల్ని పెడతాయి. స్కేట్‌కి ఆ విషపు ముల్లు లేదు. తోక మీద గరుకు ముళ్ళ వరుస ఉంటుంది, తోక చివర రెండు చిన్న రెక్కలు ఉంటాయి. ముఖ్యంగా అది గుడ్డు పెడుతుంది. నాలుగు మూలలా కొమ్ములున్న తోలు సంచిలో ఒక్కో పిల్ల. భోజనం గారికి: ఫ్రాన్స్‌లో స్కేట్ రెక్కల్ని వెన్నలో వేయించుకు తింటారు. కానీ నాని గారు అడిగే ఈ రెండూ అంతరించే ముప్పు అంచున ఉన్నాయి. 2009 నుంచి యూరప్ నీళ్ళలో చాలా చోట్ల వాటిని ఒడ్డుకు తేవడమే నిషేధం. వలలో పడితే వెనక్కి వదలాలి. మీ పులుసు ఆశ వదులుకోండి.

ఇక నాని గారి నోట్సు. అది అచ్చుతప్పు కాదు. ఒకటి పాత పుస్తకం నుంచి, ఇంకోటి కొత్తదాని నుంచి ఎత్తి ఉంటారు. ఈ చేపకు 1758లో లినేయస్ అనే శాస్త్రవేత్త 'బాటిస్' అని పేరు పెట్టాడు. తర్వాత 1837లో పార్నెల్ 'ఇంటర్మీడియా' అని ఇంకొకదాన్ని వేరుగా వర్ణించాడు. 1926లో క్లార్క్ అనే ఆయన యూరప్ స్కేట్లన్నిటినీ సరిచూస్తూ, ఇవన్నీ ఒకటేలే అని ఒకే పేరు కిందికి తోసేశాడు. అప్పటినుంచి ఎనభై ఏళ్ళకు పైగా అందరికీ అది 'కామన్ స్కేట్'. 2010లో ఫ్రాన్స్‌లో ఇగ్లేసియాస్ బృందం రేవుల్లోకి వచ్చిన చేపల్ని ఒక్కొక్కటీ పట్టి చూసి ఇవి రెండు జాతులంది. దాదాపు అదే సమయంలో గ్రిఫిత్స్ బృందం జన్యువులు చూసి అదే మాటంది.

అప్పుడు పాత పేరు ఎవరికివ్వాలనే పంచాయితీ వచ్చింది. చివరికి 'బాటిస్' చిన్నదానికి, అంటే బ్లూ స్కేట్‌కి పోయింది. పెద్దదానికి పార్నెల్ పెట్టిన పేరే కాస్త మారి మళ్ళీ వచ్చింది, డిప్టురస్ ఇంటర్మీడియస్ అని. అదే ఫ్లాపర్. కాబట్టి 2010కి ముందు రాసిన దేంట్లోనైనా 'బాటిస్' అని ఉంటే రెండిట్లో ఏదైనా కావచ్చు. ఆ రెండున్నర మీటర్ల కొలత ఫ్లాపర్‌ది.

నైట్‌షిఫ్ట్_నాని · సోమవారం, మధ్యాహ్నం 12:30

అక్కా, దండం. మూడు వారాలుగా ఎవరూ చెప్పని మాట చెప్పారు. మా లీడ్‌ని అడిగితే "గైడ్‌లైన్ ఫాలో అవ్వు" అన్నాడు. ఏ గైడ్‌లైన్ అంటే జవాబు లేదు.

కానీ నేను చేసింది కూడా అదే కదా? పెద్దది ఫ్లాపర్, చిన్నది బ్లూ. మరి ముప్పై ఏడు తప్పులెలా వచ్చాయి?

సంద్రం_శారద · సోమవారం, మధ్యాహ్నం 12:41

ఫ్లాపర్ పుట్టగానే రెండు మీటర్లుండదు కదండీ.

పెరంబూరు_బాబాయ్ · సోమవారం, మధ్యాహ్నం 12:50

హహ. ఏనుగు పిల్లని చూసి గేదె అన్నట్టుంది నీ కథ.

నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 2:05

దీన్ని 'ఉద్యోగాలు' విభాగం నుంచి 'చేపలు, సముద్రం'లోకి మార్చాను. వంటల గురించి వేరే చర్చ ఉంది, పులుసు అక్కడ.

గోపాలపురం_గోల · సోమవారం, రాత్రి 9:20

ఇబ్బందిగా ఉంటుందేమో కానీ అడుగుతాను. రెండూ ఒకేలా ఉన్నాయి, రెండూ ముప్పులో ఉన్నాయి, రెంటినీ వెనక్కే వదిలేస్తున్నారు. మరి ఏది ఏదైతే ఏమిటి? కామన్ స్కేట్ అని రాసి ఊరుకోవచ్చు కదా. శాస్త్రవేత్తలకు పని లేక ఒకదాన్ని రెండు చేస్తారు, మన కుర్రాడి అప్రైజల్ పోతుంది.

సంద్రం_శారద · సోమవారం, రాత్రి 10:34

గోల గారూ, పేరుకు తగ్గట్టే అడిగారు. కానీ మంచి ప్రశ్న.

మన ఊళ్ళో ఇంటిపేరు పోయి ఇనిషియల్ మిగులుతుంది కదా. ఒకే వీధిలో కె. రాజులు ఇద్దరున్నారనుకోండి. ఒకాయన ఊరు వదిలి వెళ్ళిపోయినా పోస్ట్‌మ్యాన్‌కి తెలీదు. కె. రాజు పేరుతో వచ్చిన ఉత్తరం ఎవరో ఒకరు తీసుకుంటూనే ఉంటారు. కామన్ స్కేట్ విషయంలో జరిగింది అచ్చంగా అదే.

ఫ్లాపర్‌లో మగది సుమారు 186 సెంటీమీటర్లకు, ఆడది 198కి వస్తే గానీ ఈడుకు రాదు. బ్లూలో మగది 115, ఆడది 123 దగ్గరే ఈడుకొస్తుంది. ఇవి ఇగ్లేసియాస్ బృందం ఇచ్చిన కొలతలు. ఇప్పుడు వలని తలుచుకోండి. మీటరున్నర చేప వలలో పడింది. అది బ్లూ అయితే ఆ పాటికే గుడ్లు పెట్టి ఉంటుంది. ఫ్లాపర్ అయితే అది ఇంకా పిల్లే. పుట్టినప్పటినుంచి ఈడుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ప్రతి వలకీ అందే సైజులోనే ఉంటుంది. పైగా దాని గుడ్డు పొదగడానికే దాదాపు ఏడాదిన్నర పడుతుంది. ఇలాంటి చేప ముందు పోతుందా, చిన్నది ముందు పోతుందా?

పెద్దది పోతూ ఉంటే రేవులో చేపల పెట్టెలో చిన్నది చేరింది. పెట్టె మీద పేరు మాత్రం మారలేదు. ఐరిష్ సముద్రంలో కామన్ స్కేట్ కనుమరుగైందని 1981లోనే బ్రాండర్ రాశాడు. వాణిజ్య వేట వల్ల ఒక సముద్రపు చేప ఒక ప్రాంతం నుంచి మాయమైందని చెప్పిన తొలి వ్యాసాల్లో అదొకటి. అప్పుడు కూడా పోయింది రెండిట్లో ఏదని ఎవరూ అడగలేదు. అడగడానికి రెండు పేర్లుంటే కదా.

గోపాలపురం_గోల · సోమవారం, రాత్రి 10:52

ఒప్పుకున్నాను. పడుకుంటాను.

నైట్‌షిఫ్ట్_నాని · మంగళవారం, తెల్లవారుజాము 4:15

టీ బ్రేక్‌లో రాస్తున్నాను. అక్కా, సైజు వద్దంటే ఇంకేం చూడాలి?

సంద్రం_శారద · మంగళవారం, ఉదయం 9:05

మొదట కన్ను. బ్లూ స్కేట్ కంటిపాప చుట్టూ లేత పసుపు. ఫ్లాపర్‌ది ముదురు ఆలివ్ పచ్చ, దాదాపు నల్లగానే కనిపిస్తుంది. బతికున్న చేపనో, అప్పుడే పట్టిన చేపనో చూస్తే ఇంతకు మించిన గుర్తు లేదు.

తర్వాత రెక్క మీద మచ్చ. బ్లూకి ఒక్కో రెక్క మీద ఒక గుండ్రని మచ్చ, దాని చుట్టూ లేత రంగు వలయం, కన్ను బొమ్మ వేసినట్టు. ఫ్లాపర్‌కి అలా ఒక్కటిగా ఉండదు, లేత చుక్కలు గుంపుగా ఉంటాయి. ఈ చుక్కలు ఏ చేపకా చేపకు వేరు. స్కాట్లాండ్‌లో స్కేట్‌స్పాటర్ అని ఒక ఫొటోల ఖజానా ఉంది. గాలం వేసేవాళ్ళు పట్టి వదిలిన ఫ్లాపర్ల ఫొటోలు పంపితే, చుక్కలు పోల్చి ఇది ఫలానా చేపే మళ్ళీ వచ్చిందని చెప్తారు. మనకు ఆధార్ వేలిముద్రల్లాగా.

నైట్‌షిఫ్ట్_నాని · బుధవారం, ఉదయం 6:50

నిన్న రాత్రంతా కళ్ళలోకి కళ్ళు పెట్టి చూశాను. ఇంటి దగ్గర చెప్తే పెళ్ళిచూపులనుకుంటారు.

కన్ను బాగా కనిపించిన చోట బ్రహ్మాండంగా తేలిపోతోంది. కానీ సగం ఫొటోల్లో డెక్ మీద సోడియం లైటు. ఆ లైటులో పసుపు కానిదేముంది? మనుషుల బూట్లు కూడా పసుపే. కొన్నిట్లో చేప ఎప్పుడు చచ్చిందో ఏమో కన్ను తెల్లగా మసకబారింది. మచ్చల మీద బురద, జిగురు. ఇంకో మార్గం లేదా?

ఫొటో ఏ చోట తీశారో మాకు వస్తుంది. గూగుల్‌లో చూస్తే ఫ్లాపర్ స్కాట్లాండ్, నార్వే వైపు ఎక్కువట, బ్లూ కెల్టిక్ సముద్రం, అట్లాంటిక్‌లోని రాకాల్, ఐస్‌లాండ్ వైపు ఎక్కువట. చోటు చూసి రాసేస్తే?

సంద్రం_శారద · బుధవారం, ఉదయం 9:30

వద్దు. ఒక్క ఫొటోకి కూడా ఆ పని చెయ్యకండి.

రెండూ కలిసి తిరిగే నీళ్ళు ఉన్నాయి, అది ఒక సంగతి. అసలు సంగతి వేరే. మీరు చోటు చూసి జాతి రాస్తారు. రేపు కంప్యూటర్ మీరు రాసింది నేర్చుకుని అదే తిప్పి చెప్తుంది. ఎల్లుండి ఎవరో ఆ లెక్క తీసి "చూడండి, స్కాట్లాండ్‌లో ఉన్నదంతా ఫ్లాపరే" అని మ్యాపు గీస్తారు. ఆ మ్యాపు చూసి మీలాంటి ఇంకో నైట్ షిఫ్ట్ కుర్రాడు జాతి రాస్తాడు. చేపని ఎవరూ చూడనే చూడలేదు.

పెరంబూరు_బాబాయ్ · బుధవారం, ఉదయం 9:44

ఓటర్ లిస్టు కూడా ఇలాగే తయారవుతుంది.

కాసిమేడు_కోడలు · బుధవారం, మధ్యాహ్నం 3:20

నేను రెండు రోజులుగా చదువుతున్నాను. మాది శ్రీకాకుళం వైపు, పెళ్ళయి ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. మా ఆయన మరబోటు మీద పోతారు, నేను వేలం దగ్గర లెక్క రాస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం, బోట్లు కదలవు కాబట్టి ఇప్పుడు ఫోను చూసే తీరిక దొరికింది.

ఈ స్కేట్ చేపని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ టేకు గురించి తెలుసు కాబట్టి ఒకటి అడుగుతాను. టేకుల్లో మగదానికి తోక మొదట్లో రెండు పక్కలా వేళ్ళలాగా రెండు ఉంటాయి. పిల్ల మగదానికి అవి బుడిపెల్లా చిన్నగా, మెత్తగా ఉంటాయి. ఈడొచ్చినదానికి పొడుగ్గా, గట్టిగా, పైనుంచి చూసినా తోక పక్కన కనిపిస్తాయి. సైజు ఒకటే అయినా ఇది ముదురుదా, లేతదా అని మేము వాటిని చూసే చెప్తాం. స్కేట్‌కి కూడా ఉంటాయా? ఉంటే శారద గారు చెప్పిన లెక్క ఉంది కదా, బ్లూ 115కే ఈడుకొస్తుంది, ఫ్లాపర్ 186 దాకా రాదు అని. అప్పుడు మీటరు ముప్పై ఉన్న మగచేపకి ఆ వేళ్ళు పొడుగ్గా ఉంటే అది బ్లూ, బుడిపెలే ఉంటే అది ఫ్లాపర్ పిల్ల. కాదా?

సంద్రం_శారద · బుధవారం, మధ్యాహ్నం 3:41

నేను ఆరేళ్ళుగా ఇదే చదువుతున్నాను. ఈ మాట మీరు చెప్పారు, నాకు తట్టలేదు!

ఉంటాయండీ. క్లాస్పర్లు అంటారు. సొరలకి, టేకులకి, స్కేట్లకి అన్నిటికీ మగవాటికి ఉంటాయి. మీరన్నది నూటికి నూరుపాళ్ళు పనికొచ్చే గుర్తు.

కొంచెం జాగ్రత్త మాత్రం కావాలి. 115, 186 అనేవి సగం చేపలు ఈడుకొచ్చే కొలతలు. గీత గీసినట్టు ఉండదు, అటూ ఇటూ అవుతుంది. అందుకే 115 పక్కన, 186 పక్కన ఉన్నవాటిని వదిలేసి మధ్యలో 130 నుంచి 150 దాకా ఉన్నవాటికి ధైర్యంగా వాడండి. 160 దాటితే ఈ గొడవే అక్కర్లేదు. బ్లూ అంత పెరగదు, అది ఫ్లాపరే. మీటరు లోపువైతే రెండు జాతుల్లోనూ బుడిపెలే, ఏమీ తేలదు. ఆడవాటికి ఈ దారే లేదు.

నైట్‌షిఫ్ట్_నాని · గురువారం, ఉదయం 7:25

వదినా (అలా పిలవొచ్చు కదా?), మీకు బిర్యానీ బాకీ.

పడవలో కొలబద్ద ఉన్న బల్ల మీద చేపని పెట్టి తీసిన ఫొటోలు రెండొందల పైన ఉన్నాయి. అందులో మగవి తీసి మీరు చెప్పినట్టు చూశాను. కన్ను కూడా కనిపించినవాటితో సరిపోల్చాను. పొడుగు వేళ్ళున్నవాటికి పసుపు కన్ను, బుడిపెలున్నవాటికి నల్ల కన్ను. ఒకట్రెండు తప్ప అన్నీ కలిశాయి. నేను బ్లూ అని రాసి తప్పించుకున్నవాటిల్లో ఎక్కువ ఫ్లాపర్ పిల్లలే. క్వాలిటీ వాళ్ళు తిట్టింది సరైందే, కాకపోతే ఎందుకు తప్పో చెప్పలేదు.

కాసిమేడు_కోడలు · గురువారం, ఉదయం 10:10

వదినే అనండి. బిర్యానీ వద్దు, నిషేధం అయ్యాక వచ్చి చేపలు కొనండి.

పాత_హార్బర్ · గురువారం, రాత్రి 8:00

నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. ఇదంతా చదువుతుంటే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. విదేశీ చేపల గొడవ మనకెందుకు అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో సొరలు, టేకుల జాతివి కొన్నిటిని చేర్చారు. అందులో ఒకటి రింకోబాటస్ జిడెన్సిస్. గిటార్ చేప అంటారు, ఇక్కడివాళ్ళు ఉళువై అంటారు. రెక్కలకు బాగా ధర పలికే చేప. ఆ పేరు జెడ్డా ఊరి నుంచి వచ్చింది, 1775లో ఎర్ర సముద్రపు చేపని చూసి పెట్టారు. తర్వాత తేలిందేమంటే, ఆ అసలు చేప పడమర హిందూ మహాసముద్రానిది, ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం దానికి చోటు. మన రేవుల్లో దిగేవి దాని దాయాదులు, ఆస్ట్రేలియే, లేవిస్ అనే జాతులు. అంటే అప్పట్లో చట్టంలో రాసిన పేరు ఒకటి, బుట్టలో ఉన్న చేప ఇంకొకటి.

తనిఖీకి వెళ్ళి బుట్ట ముందు నిలబడితే మా పరిస్థితి ఊహించండి. మా దగ్గర ఉన్నది జెరాక్స్ తీసిన నలుపు తెలుపు బొమ్మ. అందులో అన్ని ఉళువైలూ జిడెన్సిస్‌లాగే ఉంటాయి. పట్టుకుంటే బోటువాడికి అన్యాయం, వదిలితే చేపకి అన్యాయం. 2019లో అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్‌లో ఈ కుటుంబం మొత్తాన్ని ఒకేసారి రెండో అనుబంధంలో పెట్టారు. పోలిక వల్ల తప్పించుకునే దారి అలా మూశారు. అది ఎగుమతికి. రేవులో బుట్ట ముందు నిలబడ్డవాడికి పేరు కావాలి, ఇప్పటికీ.

కాసిమేడు_కోడలు · గురువారం, రాత్రి 8:25

సార్, మీరు మా బుట్టలు కూడా చూసి ఉంటారు అయితే.

పాత_హార్బర్ · గురువారం, రాత్రి 8:31

చూసే ఉంటానమ్మా. తిట్లు కూడా తినే ఉంటాను.

గోపాలపురం_గోల · శుక్రవారం, ఉదయం 8:40

మళ్ళీ నేనే. మగవాటికి వేళ్ళున్నాయి. ఆడవాటి సంగతి? కన్ను కనపడక, మచ్చ కనపడక, ఆడదై, మీటరు పాతికుంటే నాని ఏం రాస్తాడు? బొమ్మా బొరుసూ వేస్తాడా?

సంద్రం_శారద · శుక్రవారం, ఉదయం 9:15

'తేలలేదు' అని రాయాలి. రెండిట్లో ఒకటి, ఏదో తెలీదు అని. ఆ మాట రాసే వీలుండాలి. లేకపోతే ఇంత కష్టపడి విడదీసిన రెండు పేర్లలో ఒకటి మళ్ళీ చెత్తబుట్టగా మారుతుంది. కామన్ స్కేట్‌కి ఎనభై ఏళ్ళు పట్టిన గతి దీనికి ఎనిమిది నెలల్లో పడుతుంది.

నైట్‌షిఫ్ట్_నాని · శుక్రవారం, ఉదయం 9:20

అక్కడే చిక్కు. మా స్క్రీన్ మీద రెండే బటన్లు. ఏదో ఒకటి నొక్కకపోతే తర్వాతి ఫొటో రాదు. లీడ్‌కి మెయిల్ పెడతాను. క్లాస్పర్ల సంగతి, మూడో బటన్ సంగతి కలిపి. శారదక్కా, ఆ కొలతలు మీరు చెప్పినట్టే రాయొచ్చా?

సంద్రం_శారద · శుక్రవారం, ఉదయం 9:28

రాయండి. 'సుమారు' అనే మాట మాత్రం తీసెయ్యకండి.

పెరంబూరు_బాబాయ్ · బుధవారం, రాత్రి 9:00

నాని ఎక్కడ? అప్రైజల్ ఏమైంది? చేపలు మళ్ళీ టమాటాలయ్యాయా?

నైట్‌షిఫ్ట్_నాని · గురువారం, తెల్లవారుజాము 4:20

ఉన్నాను బాబాయ్. అప్రైజల్ వచ్చే నెలకి వాయిదా. మెయిల్‌కి మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత క్లయింట్ నుంచే ఫోన్ వచ్చిందట, ఈ మగచేపల గుర్తు ఎవరు చెప్పారని. మా లీడ్ "మా టీమ్" అన్నాడు. వదినా, మీరు మా టీమ్.

ఇప్పుడు ఒకటి వచ్చింది, చూసి చెప్పండి. ఆడది. 128 సెంటీమీటర్లు. కన్ను మీద ఎవరిదో గ్లౌజు.

కాసిమేడు_కోడలు · గురువారం, ఉదయం 5:05

రెక్క మీద మచ్చ?

నైట్‌షిఫ్ట్_నాని · గురువారం, ఉదయం 5:07

ఒక రెక్క బురద. ఇంకో రెక్క ఫ్రేములో లేదు.

కాసిమేడు_కోడలు · గురువారం, ఉదయం 5:09

తేలలేదని రాసెయ్. బటన్ వచ్చిందా?

నైట్‌షిఫ్ట్_నాని · గురువారం, ఉదయం 5:10

నిన్న రాత్రి వచ్చింది వదినా. బూడిద రంగులో, కింద మూలకి, చిన్నగా. నొక్కాను.